ఇనుప పైపు మీద నక్షత్రం

ధైర్యవంతులైన లైన్‌మన్లు నాకు చాలామంది తెలుసు. వాళ్ళలో కొందరి ఫొటోలకు దండలు వేసి వచ్చాను. నేను మాత్రం పిరికివాణ్ణి. స్తంభం ఎక్కేముందు కరెంటు ఆపారా అని ఒకటికి రెండుసార్లు అడిగేవాణ్ణి. ఆపామని చెప్పినా అనుమానం తీరేది కాదు. "ఈయప్ప తీగె నీడ తొక్కినా షాకు కొడుతుందనుకుంటాడు" అని మావాళ్ళు నా వెనక నవ్వుకునేవారు. కొందరు ముందే నవ్వేవారు. నవ్వుకోనీ అనుకునేవాణ్ణి. ఈవాళ పింఛను తీసుకుంటూ, రెండు చేతులతో కాఫీ గ్లాసు పట్టుకొని కూర్చున్నానంటే అదంతా నా పిరికితనం చలవే.

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు ఎప్పుడైనా కలిసినప్పుడు, "సార్, మీ సర్వీసులో బాగా భయపడింది ఎప్పుడు?" అని అడుగుతుంటారు. గాలివాన గురించో, తెగిపడిన తీగెల గురించో చెబుతానని వాళ్ళ ఆశ. నేను క్రిస్మస్ సంగతి ఎత్తుకుంటాను. మొదట వాళ్ళ మొహాలు వాడిపోతాయి. కానీ చివరిదాకా వింటారు. మీరూ వినండి.

రిటైర్మెంటు దగ్గరపడ్డాక నన్ను కర్నూలుకు పడమటి వైపు ఒక సెక్షనులో లైన్ ఇన్‌స్పెక్టరుగా వేశారు. వయసైపోయినవాణ్ణి కాస్త నీడపట్టున ఉంచుతారని ఆశపడ్డాను గానీ, ఆ వైపు నీడ అన్నది మా స్తంభాలదే. వాన పడితే పడినట్టు, లేకుంటే లేదు. ఎన్ని బోర్లు వేసినా దుమ్మే పైకి వచ్చేది. డిసెంబరు వచ్చిందంటే ఊళ్ళకు ఊళ్ళు తాళాలు పడేవి. జనం పిల్లాజెల్లతో, తట్టాబుట్టతో లారీలెక్కి గుంటూరు వైపు మిరపకోతలకు, పత్తి తీతకు పోయేవారు. దాన్ని వాళ్ళు సుగ్గికి పోవడం అంటారు. మేము మరమ్మతుకు వెళ్తే పలకరించే మనిషి కూడా ఉండేవాడు కాదు. అరుగుల మీద కోడి కూడా కనిపించేది కాదు.

నాకు తోడుగా ఒక అసిస్టెంటు లైన్‌మన్ ఉండేవాడు. నలభై దాటినవాడు. చేతిలో పని ఎంత ఉండేదో నోట్లో తిట్లు అంత ఉండేవి. భయం అన్న మాట అతను ఇతరుల గురించి మాట్లాడేటప్పుడే వాడేవాడు. అందుకని అతనితో పనికి వెళ్ళిన ప్రతిరోజూ ఇద్దరి భయమూ నేనొక్కణ్ణే పడాల్సి వచ్చేది.

ఆ రోజు క్రిస్మస్ ముందురోజు. ఒక పల్లెలో ట్రాన్స్‌ఫార్మరు ఫ్యూజు పోయిందంటే వెళ్ళి వేసి, మధ్యాహ్నం దాటాక అతని బండి మీద తిరిగి వస్తున్నాం. రోడ్డుకు దూరంగా చేలల్లో ఒక పాడుబడ్డ మోటారు షెడ్డు ఉంది. బోరు ఎండిపోయాక రైతు వదిలేసింది. దాన్ని ఆనుకునే మా పదకొండు కేవీ లైను పోతుంది. ఇంట్లో ప్లగ్గు షాకు కొడితే చెయ్యి వెనక్కి లాక్కుంటాం. ఈ లైను తగిలితే లాక్కోవడానికి చెయ్యంటూ మిగలదు.

ఆ లైను పక్కన ఒక ఇనుప పైపు నిట్టనిలువుగా లేచి ఉంది. కొన మీద ఎర్రటిదేదో గాలికి ఊగుతోంది. పైపు మొదట్లో ఒక మనిషి దాన్ని కావలించుకొని నిలబడ్డాడు.

బండి ఆపమని అరిచాను. అది ఆగకముందే దూకాను, పడ్డాను, లేచి చేనుకు అడ్డంపడి పరుగెత్తాను. దగ్గరికి వచ్చేకొద్దీ నా కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి.

అది బోరులోకి దించే పైపు. మూడు నిలువుల పైన ఉంటుంది. దాన్ని పట్టుకొని నిలబడ్డది ఒక ముసలాయన. ఆయన ఒక కొసను చిన్న గుంతలో పెట్టి, రెండో కొసను షెడ్డు కప్పు మీద ఆనించి, కొంచెం కొంచెంగా నెట్టుకుంటూ ఒక్కడే దాన్ని నిలబెట్టాడు. నిలబడ్డాక గానీ గుంత లోతు చాలలేదని తెలియలేదు. వదిలితే పైపు పడిపోతుంది. దించుదామంటే మొదలు గుంతలోంచి జారిపోతుంది. అందుకని అలాగే పట్టుకొని నిలబడిపోయాడు. ఎంతసేపటి నుంచో ఎవరికి తెలుసు. గాలి దాన్ని తీగె వైపే తోస్తోంది. కొనకూ తీగెకూ మధ్య మూరెడు ఎడం ఉందో లేదో.

"రాన్నా, ఇద్దరం పోయి పట్టుకుందాం" అని నా అసిస్టెంటు ముందుకు ఉరికాడు. అతని చొక్కా వెనక నుంచి పట్టుకొని లాగాను. గుండీ తెగింది.

"లైను ఆపకుండా ముట్టుకుంటే ఇప్పుడు పోయేది ఒకడు. నువ్వు పోతే ఇద్దరు" అన్నాను.

"నిలబడి సూడమంటావా మరి?"

అవును, నిలబడి చూడమన్నాను. నా ఉద్యోగంలో అంత కష్టమైన ఆర్డరు ఇంకొకటి వేయలేదు. ఆ ముక్కకు కరెంటు ఆపే స్విచ్చి ఒకటి దగ్గర్లోని స్తంభం మీద ఉండాలి. అది ఎప్పుడో కాలిపోతే, కొత్తది వచ్చేదాకా అని తీగెలు నేరుగా కలిపేశారు. కొత్తది రానేలేదు. కాబట్టి దిక్కు సబ్‌స్టేషనే. ఒక్కో వైపుకు పోయే లైను, అంటే ఫీడరు, అక్కడి నుంచే బయల్దేరుతుంది. అక్కడి ఆపరేటరు లైను ఆపి, ఇక ముట్టుకోవచ్చని మాకు మాట ఇవ్వాలి. దాన్నే లైన్ క్లియర్ అంటాం. మా ప్రాణాలు ఆ మాట మీదే నడుస్తాయి.

నేను ఆపరేటరుకు ఫోన్ చేస్తూ, ముసలాయన మీద నుంచి చూపు తిప్పకుండా మాట కలిపాను. కరెంటు ఉందని చెబితే బెదిరి వదిలేస్తాడు. చెప్పకపోతే సర్దుకుందామని పైపును కదిలిస్తాడు. ఏ మాట తప్పినా మనిషి బూడిదే.

"తాతా, గట్టిగా పట్టుకో. కదలాకు. పైకి చూడాకు, నన్నే చూడు."

"ఎవురప్పా మీరు?"

"కరెంటోళ్ళం."

"ఈడ కరెంటు యాడుండాదప్పా? బోరు ఎండిపోయి శానా దినాలాయె గదా" అన్నాడు.

అప్పుడు అర్థమైంది. షెడ్డుకు కరెంటు లేదు కాబట్టి, షెడ్డు పక్కన పోయే తీగెలోనూ లేదనుకున్నాడు. ఊరికి తాళం పడింది, బోరు చచ్చింది, తీగె మాత్రం ఎందుకు బతికుంటుందని ఆయన లెక్క. సరేనన్నట్టు తలూపాను. ఇంతలో ఫోను కలిసింది. సంగతి రెండు ముక్కల్లో చెప్పాను.

"అన్నా, రైతులకు ఇప్పుడే త్రీఫేజు ఇచ్చినా. ఆపితే సబ్‌స్టేషను మిందికి వస్తారు" అన్నాడు ఆపరేటరు.

"వాళ్ళు వచ్చేలోపల ఈడ మనిషి పోతాడప్పా. ముందు బ్రేకరు కొట్టు, తర్వాత నా పేరు చెప్పు."

"ఉండు, లైనులోనే ఉండు" అన్నాడు. అతను కుర్చీ జరిపిన చప్పుడు, చెప్పుల చప్పుడు వినిపించాయి. మనిషి నడుస్తున్నట్టుగా వినిపించింది. పరుగెత్తితే బాగుండుననిపించింది.

ముసలాయన చేతులు వణకడం మొదలైంది. ఆ వణుకు పైపు పొడవునా పాకి కొన దగ్గర ఊపుగా మారుతోంది. ఆయన్ని మాటల్లో పెట్టాలి.

"ఏం కట్టినావు తాతా ఆ కొనకు?"

"నక్షత్రమప్పా. రేపు పండగ గదా. జొన్న దంట్లతో కట్టినా. మా ముసిల్దాని చీర గుడ్డ సుట్టినా."

"ఇంత ఎత్తు యాంటికి?"

"పాటలోళ్ళకు కనపడల్ల గదా. ట్రాక్టరేసుకోని ఊరూరూ వస్తారు. నక్షత్రం ఉండే ఇంటి కాడే నిలబడి పాడేది. పోయినేడు రోడ్డు మిందనే వచ్చిరి. మా గేరిలో అందురూ సుగ్గికి పోయిండిరి. యాడా ఒగ నక్షత్రం లేదు. సూసి తిరుక్కోని పోయిరి. నాకు పాట ఇనపడె. లేసి వచ్చేలోపల ట్రాక్టరు పాయె."

ఆ తర్వాత వచ్చిన వానలకు ఆయన ఇల్లు కూలితే, ఈ షెడ్డులోకి చేరాడు. భార్య అంతకుముందే పోయింది. పిల్లలు లేరు. ముసలివాణ్ణి సుగ్గికి తీసుకుపోయే మేస్త్రీ ఎవడూ ఉండడు. పోయేవాళ్ళంతా తాళంచెవులు మాత్రం ఆయన చేతిలో పెట్టి పోయారు. ఇదంతా ఆయన పైపుకు చెంప ఆనించి, ఆయాసపడుతూ చెప్పాడు. చెవుల గుత్తి మొలతాడుకు వేలాడుతూ కనిపించింది.

"అన్ని ఇండ్ల చెవులూ నీ కాడనే ఉంటే యాదో ఒగదాంట్లో పండుకోరాదా?" అన్నాను.

"నమ్మి ఇచ్చినారప్పా. తాళం కాయమన్నారు గాని కాపురం చెయ్యమన్లేదు గదా."

"నక్షత్రమన్నా ఆడనే కట్టొచ్చు గదా" అన్నాడు నా అసిస్టెంటు, అరిచినంత పనిచేస్తూ.

"ఆడ కడితే వాళ్ళింటికి వచ్చినట్టాయె. నా కాడికి రావల్ల."

"నీకు ఇల్లే లేదు గదా, ముసలోడా!"

"ఆయప్పకు మాత్రం యాడుండాది నాయనా?" అన్నాడు ముసలాయన. నవ్వినట్టున్నాడు. "పుట్టే దినం ఊర్లో ఎవురూ తలుపు తియ్యల్యా. గొడ్ల కొట్టంలో పుట్టె. అయినా నక్షత్రం ఆడికే వచ్చె గదా. వచ్చేటోళ్ళకు గుర్తుంటే సాలు."

గాలి ఒక్క విసురు విసిరింది. పైపు తీగె వైపు ఒరిగి, ఆయన భుజం అడ్డుపెడితే మళ్ళీ నిలబడింది. సరిగ్గా అప్పుడే ఫోనులో ఆపరేటరు గొంతు వచ్చింది.

"ఆపేసినా అన్నా. లైన్ క్లియర్. పోండి."

నా అసిస్టెంటు దూకాడు. వెళ్ళనివ్వాల్సింది. మాట వచ్చేసింది, అంతా సవ్యంగానే ఉంది. కానీ నా పిరికి కళ్ళు అలవాటుగా చుట్టూ తిరిగాయి. ఎదుటి చేన్లో ఎవరిదో బతికున్న బోరు ఒకటి ఉంది. దాని పైపులోంచి నీళ్ళు ధారగా పడుతూనే ఉన్నాయి.

ఆ మోటారు తిరిగేది కూడా ఈ లైను మీదే.

"నిలబడ్రా!" అని అరిచాను. అంతవరకూ అతన్ని ఎన్నడూ 'రా' అనలేదు. అతను ఆగి వెనక్కి చూశాడు. వేలుపెట్టి నీళ్ళు చూపించాను. అతని మొహంలో రక్తం దిగిపోవడం నా కళ్ళారా చూశాను.

ఫోనులో అడిగాను. "ఏ ఫీడరు ఆపినావు?"

"ఆ ఊరి ఫీడరే అన్నా."

"మరి ఈడ మోటారు తిరుగుతాండాదే?"

నాకు గుర్తొచ్చేలోపు నా పక్కనున్నవాడికే గుర్తొచ్చింది. "అన్నా, పోయిన నెల పోలు పడినప్పుడు ఈ ముక్కను పక్క ఫీడరుకు కలిపినాం గదా. ఆ జంపరు తీగె కట్టింది నేనే గదన్నా" అన్నాడు. తాత్కాలికమని కలిపాం. మా శాఖలో తాత్కాలికానికి ఆయుష్షు ఎక్కువ. అందరి నోట్లోనూ మాత్రం అది పాత పేరుతో 'ఆ ఊరి ఫీడరు'గానే ఉండిపోయింది. కట్టినవాడే మర్చిపోయాక, షిఫ్టులో కూర్చున్నవాడికి ఏం గుర్తుంటుంది?

"రెండూ ఆపు. అన్నీ ఆపు. సబ్‌స్టేషనంతా చీకటి చెయ్యి" అని కేకలు వేశాను. ఈసారి ఫోనులో పరుగు చప్పుడు వినిపించింది.

"అప్పా," అన్నాడు ముసలాయన. "సేతులు పోతాండాయప్పా. ఇడిసి పెడుదునా?"

"ఇడసాకు తాతా. నీకు దండం పెడతా. ఇంకొంచేపు."

"మీరెందుకు రారు? అంత దూరం నిలబడి మాట్లాడతారు, పట్టుకోను రారే."

మనిషి మునిగిపోతుంటే గట్టు మీద నిలబడి మంచిచెడ్డలు అడిగినట్టు ఉంది మా వ్యవహారం. ఆయన మమ్మల్నే చూస్తున్నాడు. మేము నీళ్ళను చూస్తున్నాం. ధార సన్నబడింది, తెగింది, చుక్కలైంది, ఆగింది.

"ఆగినాది, ఇప్పుడు ఆగినాది" అన్నాడు ఆపరేటరు, ఏడుపు గొంతుతో.

పద్ధతి ప్రకారం తీగెల మీద గొలుసు వేసి, భూమికి కలిపి, అప్పుడు దగ్గరికి పోవాలి. ఆ సామాను సెక్షను ఆఫీసులో ఉంది. ఎవడైనా రైతు జనరేటరు పెట్టి ఉంటే వెనక నుంచి కరెంటు ఎక్కవచ్చు. ఎవడైనా ఆపరేటరును బెదిరించి మళ్ళీ వేయించవచ్చు. నా తలలో ఇలాంటివి వరసగా తిరుగుతున్నాయి. అసిస్టెంటు వైపు చూశాను. అతను కదల్లేదు. అంత ధైర్యవంతుడూ చేతులు వేలాడేసుకొని నిలబడ్డాడు. అతనికి అప్పుడే కొత్తగా భయం పట్టుకుంది. నాది పాతది, దానితో కాపురం చేయడం నాకు అలవాటు. నేనే నడిచాను.

నా పిల్లలు గుర్తొచ్చారని రాస్తే బాగుంటుంది గానీ, ఎవరూ గుర్తు రాలేదు. నా చేతులు పైపును తాకబోయే ముందు వేళ్ళ మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. కరెంటుకా భయానికా తెలియలేదు. కళ్ళు మూసుకొని పట్టుకున్నాను. ఇనుము చల్లగా ఉంది. అంత చల్లదనం నా జన్మలో ఎరగను.

ఒక్క క్షణంలో అసిస్టెంటు కూడా వచ్చి పడ్డాడు. పైపు మొదలును నేను కాలితో తొక్కిపట్టాను, అతను భుజం పెట్టి మెల్లగా దాన్ని తీగెకు దూరంగా ఇవతలి వైపుకు దించాడు. పైపు నేలను తాకాక ముగ్గురం అక్కడే కూలబడ్డాం. ముసలాయన చేతులు ఇంకా పైపును పట్టుకున్నట్టే వంగి ఉండిపోయాయి. ఎంత తీసినా తిన్నగా రాలేదు. అసిస్టెంటు ఆయన మోచేతులు రుద్దుతూ, వచ్చిన తిట్లన్నీ తిట్టాడు. మధ్యలో తిట్టు తెగి, మొహం అటు తిప్పుకున్నాడు.

పైపును షెడ్డు వెనక్కి దూరంగా లాగేసి, ముగ్గురమూ లైను కింద నుంచి బయటికి వచ్చామని మళ్ళీ మళ్ళీ చూసుకొని, కరెంటు వేయమన్నాను. ఎదుటి చేన్లో నీళ్ళు పడ్డాయి.

"చూసినావా తాతా? ఆ తీగెలో కరెంటు ఉండాది. నువ్వు ఇంతసేపూ సావు పక్కనే నిలబడినావు" అన్నాను.

ఆయన అప్పుడు పైకి చూశాడు. బెదిరిపోతాడనుకున్నాను. "అట్లయితే దాన్ని మళ్ళా ఎత్తనియ్యరు మీరు" అన్నాడు.

"ఎత్తనియ్యం."

"అట్లయితే వాళ్ళు రారు" అని తలవంచుకున్నాడు. ఆ మొహంలో భయాన్ని నేను గుర్తుపట్టాను. భయాన్ని గుర్తుపట్టడంలో నాకంటే అనుభవజ్ఞుడు ఆ జిల్లాలో లేడు. ఆయన భయం తీగె గురించి కాదు. పాట రోడ్డు మీదుగా వెళ్ళిపోతుందని, ఇంకో ఏడాది తన దగ్గర ఎవరూ ఆగరని. ఇంతసేపూ నేను కాపాడింది ఆయన ప్రాణాన్నే అనుకున్నాను. ఆయనకు ప్రాణం రెండో సంగతి.

నేను ఇంటికి బయల్దేరదామని లేచాను. నా అసిస్టెంటు లేవలేదు. జొన్న దంట్ల నక్షత్రాన్ని పైపు నుంచి విప్పి, విరిగిన మొనను సరిచేస్తున్నాడు. "నువ్వు పో అన్నా, నేను రోడ్డు కాడ నిలబడతా" అన్నాడు. పోబుద్ధి కాలేదు. మా ఆవిడకు ఫోన్ చేసి ఆలస్యమవుతుందన్నాను. ఎందుకని అడిగితే ఏం చెప్పాలో తెలియక, పనుందన్నాను.

పొద్దు గూకాక నా అసిస్టెంటు తారురోడ్డు పక్కన బండి లైటు వేసి, దాని ముందు నక్షత్రాన్ని రెండు చేతులతో తలమీదికి ఎత్తి పట్టుకొని నిలబడ్డాడు. అటు పోయే లారీవాళ్ళు చూసి నవ్వారు. మామూలుగా అయితే వాళ్ళకు బదులు చెప్పేవాడు. ఆ రోజు నోరెత్తలేదు. నేను షెడ్డు దగ్గర ముసలాయన పక్కన కూర్చున్నాను. వస్తారా రారా అని ఆయన భయం. మెల్లగా అది నాకూ అంటుకుంది.

వచ్చారు. ట్రాక్టరు చప్పుడు, డోలు చప్పుడు, చేన్లో టార్చిలైట్లు. నక్షత్రాన్ని మోసుకుంటూ నా అసిస్టెంటు ముందు నడుస్తుంటే వాళ్ళంతా వెనక వచ్చారు. షెడ్డు ముందు నిలబడి గొంతెత్తి పాడారు. ముసలాయన గుడ్డలో దాచిపెట్టిన బొరుగులు, బెల్లం తీసి అందరికీ పంచాడు. వంగిపోయిన చేతులు తిన్నగా రానందువల్ల సగం కింద పడ్డాయి. ఎవరూ నవ్వలేదు.

పాటయ్యాక వాళ్ళతో వచ్చిన పాస్టరు ప్రార్థనకు సిద్ధమయ్యాడు. వయసులో చిన్నవాడే. ఏ ఇంటికి వెళ్ళినా ఆ ఇంట్లోవాళ్ళ పేర్లు అడిగి, ఒక్కొక్కరినీ పేరుపేరునా దీవించమని అడగడం వాళ్ళ ఆనవాయితీ. "ఇంట్లో ఎవరెవరున్నారు తాతా?" అన్నాడు.

ముసలాయన తడుముకోలేదు.

"నేనూ, ఈళ్ళిద్దరూ" అన్నాడు.

పాస్టరు మా వైపు చూశాడు. ఖాకీ చొక్కాలు, నడుముకు ప్లయర్లు. పేర్లు అడిగాడు. చెప్పాం. చుట్టూ ఉన్నవాళ్ళు కళ్ళు మూసుకున్నారు. ఏం చేయాలో తెలియక మేమూ తలలు వంచాం. ఆరోగ్యం ఇవ్వమని, ఇంటిని కాపాడమని ప్రార్థన సాగుతోంది. మధ్యలో ముసలాయన కళ్ళు తెరిచి ఆపాడు.

"సామీ, ఈళ్ళిద్దరూ తీగెల మింద పనోళ్ళు. ఆ మాట గూడా సెప్పు. నాకు భయమైతాండాది."

పాస్టరు ఆ మాట కూడా చెప్పాడు. నా బతుకంతా నా గురించి నేను భయపడ్డాను, ఇంట్లోవాళ్ళు భయపడ్డారు. నాకు ఏమీ కాని మనిషి ఒకడు నా కోసం భయపడటం అదే మొదలు. ముసలాయన తన వంకర చేతుల్తోనే నా చేతులు పట్టుకున్నాడు.